ఒక్కతే రాసిన పరీక్ష

అమెరికాలోని నెబ్రాస్కాలో ఓ చిన్న ఊరి హైస్కూలు ఆటల హాల్లో ఆ రోజు ఒకే ఒక్క బల్ల వేశారు. కాలేజీ స్థాయి ఫిజిక్స్ పరీక్ష రాసి ఆ బళ్లో చదివే అమ్మాయి ఒకతె అప్పుడే లేచింది. కాపలా కూర్చున్న ముసలి బాస్కెట్‌బాల్ కోచ్ పేపరు కవర్లో పెట్టి అంటించాడు.

"ఉన్నది నేనొక్కదాన్నే కదా కోచ్, 'అందరూ పెన్సిళ్లు కింద పెట్టండి' అని అంత గట్టిగా అరవాలా?"

"సూచనల కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవాలమ్మా, రూలు. అది సరే, మన బళ్లో ఈ పాఠాలు చెప్పే దిక్కే లేదు. ఎవరు నేర్పారు నీకు?"

"మన లైబ్రరీలో పాత పుస్తకం ఉందిగా! వెనకాల జవాబుల పేజీలు మాత్రం ఎవరో చింపుకుపోయారు."

"మరి చేసింది తప్పో ఒప్పో ఎలా తెలిసేది?"

"ప్రతి లెక్కా రెండు పద్ధతుల్లో చేసేదాన్ని. రెండిటికీ ఒకటే జవాబొస్తే ఒప్పు. లేదంటే మళ్లీ మొదటికి."

కోచ్ కవరు చంకలో పెట్టుకున్నాడు.

"ఆ పేజీలు చింపింది నేనే తల్లీ, ఇక్కడ చదివేటప్పుడు. అవి జేబులో పెట్టుకుని కూడా ఫిజిక్స్ తప్పాను."