పక్క సీటు

బావా బావమరుదులు కలిసి ఒక పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకున్నారు. తిరువూరులో కార్లమ్మే షెడ్డుకు బావ కుంటుకుంటూ వచ్చేసరికి, గేర్ల కారుకు అప్పుడే నిమ్మకాయల దండ వేలాడుతోంది.

“ఒరేయ్, ఆటోమేటిక్ అనుకున్నాం కదరా!”

“గేర్లదైతేనే మజా బావా! గంపలగూడెంలో గేరు మారిస్తే మనం విస్సన్నపేట చేరిన మర్నాటికి గానీ దాని చప్పుడు రాదు.”

“ఈ ఎడమకాలితో నేను క్లచ్ తొక్కలేనని తెలీదూ?”

“తెలుసులే. నేను నడుపుతాగా! పక్క సీటు జన్మంతా నీదే.”

“చెరోరోజు నడుపుదామన్నావు. నేను రాకుండానే కొబ్బరికాయ కూడా కొట్టేశావా?”

“ముహూర్తం దాటిపోతుందని...”

బావ దండ వంకే చూస్తూ అన్నాడు.

“ఆనాడు బైకు దగ్గరా ఇంతే. ‘వెనక కూర్చో బావా, నేను నడుపుతాగా’ అన్నావు. ఈ కాలు విరిగింది ఆ మాట నమ్మే కదరా!”