తలుపుకు అడ్డం పెట్టిన చేతికర్ర

నా పేరు ఫెర్డినాండ్ ప్రొహాస్కా. తండ్రి పేరు వెంజెల్. వయస్సు డెబ్బై నాలుగు. వియన్నా నగరంలో ట్రాము నడిపి రిటైరయ్యాను. నివాసం పదో వార్డులో, మార్కెట్ వెనక వీధిలో. భార్య పేరు హెర్మినె, వయస్సు డెబ్బై. పిల్లలు లేరు. ఇంతకుముందు నా మీద ఏ కేసూ లేదు. ఒకసారి ట్రాము గంట అనవసరంగా మోగించానని మా పైఅధికారి మందలించాడు. అది పోలీసు కేసు కాదు గానీ దానికీ దీనికీ సంబంధం ఉంది, అందుకని చెబుతున్నాను.

పెళ్ళయిన కొత్తలో నా భార్య రింగు రోడ్డు మీద చేతితొడుగుల దుకాణంలో పనిచేసేది. చేతితొడుగు అమ్మాలంటే కొనేవాడి చెయ్యి పట్టుకోవాలి, ఒక్కో వేలూ సవరించాలి. నా ట్రాము ఆ దుకాణం ముందు నుంచే పోయేది. అద్దంలోంచి ఆమె కనిపించేది, ఎదురుగా ఎవడో ఒకడు చెయ్యి చాపి కూర్చుని ఉండేవాడు. అక్కడికి రాగానే నేను గంట కొట్టేవాణ్ణి. పట్టాల మీద పిల్లి కూడా ఉండేది కాదు. ఎందుకు కొడుతున్నానో ఆమెకు తెలుసు. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఇవాళ మరీ గట్టిగా కొట్టావు, పాపం ఆయన ఉలిక్కిపడ్డాడు" అనేది.

మొన్న శనివారం మధ్యాహ్నం మేమిద్దరం రింగు రోడ్డు మీది ఆ పాత పెద్ద హోటల్లో దిగాము. దాని పేరు మీ కాగితాల్లో ఉంది, నా నోటితో చెప్పను. ఊళ్ళో సొంత ఇల్లుండగా హోటల్లో దిగడమేమిటని మీరు అడిగారు. మా పై అంతస్తు వాళ్ళూ అదే అడిగారు. హెర్మినె కొట్టు మూసి నా ట్రాము ఎక్కిన రోజుల్లో ఆ కిటికీల వైపు చూసి, ఒక్కసారైనా అందులో పడుకుని లేవాలి అనేది. అనడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆమెకు డెబ్బై నిండాయని రెండు రాత్రులకు గది తీసుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నేనే తీసుకున్నాను.

గదిలో అడుగు పెట్టినప్పటి నుంచే నాకు బాగోలేదు. సామాను తెచ్చినవాడు ఆమె వెనక నిలబడి కోటు తీసి తగిలించాడు. ఆ పని మా ఇంట్లో నాది. బల్ల మీద పువ్వులున్నాయి, నేను పెట్టించినవి కావు. పుట్టినరోజని హోటల్ వాళ్ళే పెట్టారట. ఆమె పరుపు మీద వెల్లకిలా పడి, పైకప్పు మీది బంగారు లతలు చూసి నవ్వింది. అలాంటి నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో చెప్పలేను. నేను తీసుకొచ్చిన గదిలో, నేను పక్కన కూర్చుని ఉండగా, ఆమె పైకప్పును చూసి నవ్వింది. పైకప్పు సున్నాన్ని చూసి కూడా ఓర్వలేని మనిషినని ఆమె నన్ను అంటుంది. అననివ్వండి.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు కింది హాల్లో టీతో పాటు డ్యాన్సు ఉంటుంది. నా కుడి మోకాలికి పోయిన శరదృతువులో ఆపరేషన్ అయింది. చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేను, నున్నటి చెక్క నేల మీద ఆ నాలుగూ వేయలేను. తోడు వచ్చిన మగవాడు ఆడలేకపోతే, ఆ ఆడవాళ్ళ కోసం హోటల్ వాళ్ళు గంటల లెక్కన ఒక డ్యాన్సు మనిషిని కుదిరిస్తారు. హెర్మినె వద్దంది. నా పక్కన కూర్చుని కేకు తింటానంది. నేను వినలేదు. పెద్దమనసు చూపించాలనిపించింది. అతన్ని పిలిపించింది కూడా నేనే. ఇది స్పష్టంగా రాయండి.

వచ్చినవాడి పేరు వాలెంటిన్ ఐగ్నర్. నలభై దాటి ఉంటాయి, జుట్టంతా ఉంది. నేను 'వాడు' అని చెబుతుంటే మీరు 'ఆయన' అని రాస్తున్నారు. సరే, అలాగే కానివ్వండి. ఆయన మా బల్ల దగ్గరికి వచ్చి వంగి, "మీ చేతికి ముద్దులు, అమ్మగారూ" అన్నాడు. మా ఊళ్ళో రొట్టెల కొట్టువాడు కూడా ఆ మాట అంటాడు, కానీ అనడంతో సరిపెడతాడు. ఈయన నిజంగానే ముద్దు పెట్టాడు. హెర్మినె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మొదటి రెండు పాటలూ మామూలుగానే ఆడారు. హెర్మినె ఎడమవైపు తిరిగే వాల్ట్జ్ ఆడింది. అలా తిరగడం ఆమెకు నేర్పింది నేను. పెళ్ళికి ముందు, వాళ్ళ అత్తయ్య వంటింట్లో కుర్చీలు పక్కకు జరిపి నేర్పాను. నేను నేర్పిన తిరుగుడును నా కళ్ళ ముందే ఇంకొకడితో తిరిగింది. నా ముందున్న కాఫీ చల్లారిపోయింది, దాంతో పాటు పెట్టే నీళ్ళ గ్లాసు మాత్రం తాగేశాను.

మూడో పాట నుంచి సంగతి మారింది. ఆమె ఆయన చెవి దగ్గర ఏదో చెప్పింది. ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరూ నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలుసు అనుకున్నాను. ఆ తర్వాత ఆమె కుడిచెయ్యి ఆయన వీపు మీదికి వెళ్ళింది. ఆడదాని చెయ్యి మగవాడి భుజం మీద ఉండాలి. వీపు మీద కాదు. హాల్లో ఇంకెవరి చెయ్యీ వీపు మీద లేదు, నేను ప్రతి జంటనూ చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఒకచోట తడబడి ఆయన కాలు తొక్కింది, ఆయన మళ్ళీ మొదటినుంచి ఆడించాడు. ఆమె మొహం ఎర్రబడింది. వీపు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

పాట అయ్యాక ఇద్దరూ కలిసి వాయిద్యాల పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. ఆమె ఏదో అడిగింది, పెద్దాయన తల ఊపాడు. వాళ్ళకు కావలసిన పాట అడుగుతున్నారు. ఎందుకో నాకు తెలుసు. నేను నా చేతికర్రను రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. వడ్డించే అమ్మాయి రోస్విత ఇంకో కాఫీ తేనా అని అడిగింది. ఆ అమ్మాయి మీద కసిరాను. ఆమెకు నా తరఫున క్షమాపణ చెప్పండి.

విరామంలో హెర్మినె మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. ఐగ్నర్ గారు ఒక్కరే నా బల్ల దగ్గరికి వచ్చారు. మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఇవి, ఒక్క అక్షరం మార్చడం లేదు.

"ప్రొహాస్కా గారూ, తమరికి నొప్పి కుడి మోకాలా, ఎడమ మోకాలా?"

"అది మీకెందుకు?"

"నాకు కాదులెండి."

నవ్వుతూ అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. నా భార్యతో తిరిగింది చాలక, నా కుంటికాలి గురించి ఆరా తీస్తున్నాడు. ఎందుకో నాకు తెలుసు. మోకాలు ఏదో నేను చెప్పలేదు. ఆయన సిగరెట్ పెట్టె తీసుకుని హాలు చివరి చిన్న గదిలోంచి బాల్కనీలోకి వెళ్ళాడు.

నేను లేచి వెనకే వెళ్ళాను. కొట్టాలని కాదు. ఏం చేయాలని వెళ్ళానో అప్పటికి నాకూ తెలియదు. ఆ గదిలో ఎవరూ లేరు. బాల్కనీకి రెండు రెక్కల అద్దం తలుపు ఉంది, రెక్కకొక ఇత్తడి పిడి. ఆయన అటు తిరిగి సిగరెట్ కాలుస్తున్నాడు. ఒంటి మీద పల్చటి డ్యాన్సు కోటు తప్ప ఏమీ లేదు, రెయిలింగు మీద మంచు పేరుకుని ఉంది. నేను తలుపు దగ్గరికి లాగి, నా చేతికర్రను రెండు పిడుల్లోంచి అడ్డంగా దూర్చాను.

ఆయన తిరిగి చూసి మొదట నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. తర్వాత అద్దం మీద కొట్టాడు, హాల్లో జనం సందడికి ఎవరికీ వినపడలేదు. ఆయన ఊపిరికి అద్దం మసకబారి మొహం కనిపించలేదు, తర్వాత కనిపించింది.

అప్పుడే లోపల ప్రకటన చేశారు. వచ్చే పాట ఆడవాళ్ళ వంతు అన్నారు. మీకు తెలిసిందే, కానీ కోర్టులో చదివేవాళ్ళ కోసం రాయండి. ఆ వంతులో మగవాళ్ళు కదలకూడదు. ఆడవాళ్ళే లేచి వెళ్ళి, కావలసినవాడి ఎదుట కొంచెం వంగి పిలుస్తారు. పిలిచాక కాదనకూడదు.

ఇప్పుడు తలుపు తీస్తే ఆయన లోపలికి వస్తాడు. వస్తే హెర్మినె నేరుగా వెళ్ళి ఆయన ముందు వంగుతుంది. హాలంతా చూస్తుంది. అది నాకు తెలుసు. ఖాయంగా తెలుసు. ఆ ఒక్క పాట అయ్యేదాకా తీయకూడదని నిశ్చయించుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. తీయకపోయినా, నా కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చోవచ్చు కదా అని మీరు అడిగారు. వెళ్ళలేను. కర్ర తలుపులో ఉంది. కర్ర తీస్తే తలుపు తెరుచుకుంటుంది. తీయకపోతే నేను నడవలేను. కిటికీ తెర పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. పాట మొదలైంది. నెమ్మదైన పాట, చాలా నెమ్మదైనది, ఆ హాల్లో అంత నెమ్మదైనది అప్పటిదాకా వాయించలేదు. చూశావా, ఎలాంటి పాట అడిగారో అని పళ్ళు కొరుక్కున్నాను.

ఐగ్నర్ తలుపు కొట్టడం మానేశాడు. రెయిలింగు ఎక్కి పక్క బాల్కనీలోకి దాటబోయాడు. వద్దని నేను చెయ్యి ఊపాను. ఊపానని ప్రమాణం చేస్తాను. మంచు మీద కాలు జారి కింది వంటింటి కప్పు మీద పడ్డాడు. చీలమండ విరిగిందని తర్వాత తెలిసింది. నేను కర్ర లాగాను, బిగుసుకుపోయి రాలేదు. గట్టిగా అరిచాను. మొదట వచ్చింది రోస్విత. నేను బాల్కనీ చూపించి మనిషి పడ్డాడని చెప్పాను. ఆ అమ్మాయి ఇద్దరు వెయిటర్లను కిందికి పరిగెత్తించి, నా వైపు తిరిగింది.

"ఇక్కడున్నారా మీరు? అమ్మగారు అక్కడ మీ కుర్చీ ముందు నిలబడి ఉన్నారు."

నాకు అర్థం కాలేదు. ఎవరి కుర్చీ అని అడిగాను.

"మీదే. పాట మొదలవగానే తిన్నగా మీ బల్ల దగ్గరికి వచ్చారు. మీరు లేరు. అందరూ చూస్తున్నారు."

హెర్మినె నాతో మాట్లాడింది లిఫ్టు దగ్గర. అప్పటికి అంబులెన్సు వచ్చి వెళ్ళింది, మీవాళ్ళు నా కర్రను సాక్ష్యమని తీసుకున్నారు, నన్ను గోడకు ఆనించి నిలబెట్టారు. ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మగవాడి అడుగులు నేర్పించుకున్నాను ఫెర్డీ, ఆయన దగ్గర. నీ వీపు పట్టుకుని, నొప్పికాలి బరువు నేను మోస్తూ, ఒక్క పాట తిప్పుదామని. నెమ్మదిగా వాయించమని బతిమాలుకున్నాను. నీది ఏ మోకాలో హడావిడిలో నాకే గుర్తు రాకపోతే, నిన్ను అడగమని ఆయన్ని పంపాను."

నేనేదో అనబోయాను. ఆమె వినలేదు.

"ఖాళీ కుర్చీకి వంగాను, అందరి ముందూ. బయటికి వెళ్ళావేమో, వస్తావని పాట సగం దాకా నిలబడ్డాను. ఈ రాత్రికి కూడా గది మనదే కదా. నేను పడుకుంటాను. నువ్వు ఇంటికి పో."

లిఫ్టు తలుపు మూసుకుంది. అదీ అద్దం తలుపే. మీ కానిస్టేబుల్ నన్ను కారులో ఇంటి దగ్గర దించాడు.

డ్యాన్సు చేయడం తెలిసినవాణ్ణి. వీపు మీద చెయ్యి అంటే నడిపించేవాడి చెయ్యి అని చిన్న పిల్లవాడికైనా తెలుసు. నేను చూశాను, అన్నీ చూశాను, మూడో పాట నుంచి కన్ను తిప్పలేదు. కోపంలో నాకు వీపే కనిపించింది. ఐగ్నర్ గారి కాలు విరగడానికి కారణం నేను. ఆయన ఏ శిక్ష కోరినా కాదనను.

ఇవాళ సోమవారం ఉదయం. నేను ఇదంతా చెబుతుండగా మీ ఎదుటి గదిలో నా భార్య వాంగ్మూలం తీసుకుంటున్నారు. మధ్యలో అద్దం ఉంది, ఇక్కడికి కనిపిస్తుంది గానీ వినిపించదు. మీ కుర్ర ఇన్‌స్పెక్టర్ ఏదో అడిగాడు. ఆమె లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి చూపించింది, ఎడమ చెయ్యి పక్కకు చాచి, కుడిచెయ్యి ఎవరి వీపు మీదో వేసినట్టు. మధ్యలో ఎవరూ లేరు. తర్వాత అతన్ని చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలియదు. తెలియదనే రాయండి.

పై మాటలన్నీ నావి. తిరిగి చదివి వినిపించారు. 'వాడు' అన్న చాలాచోట్ల 'ఆయన' అని మార్చడం తప్ప మీరేమీ కలపలేదు, తీసేయలేదు. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు.

(సంతకం) ఫెర్డినాండ్ ప్రొహాస్కా

నా ఎదుట సంతకం చేశారు. చేతికర్ర సాక్ష్యంగా మా స్వాధీనంలో ఉన్నందువల్ల నిందితుడు కుర్చీలోంచి లేచి నడవలేకపోయారు. స్టేషన్ తరఫున మనిషిని ఇస్తామంటే ఆయన భార్య అక్కర్లేదన్నారు. "ఏ మోకాలు?" అని అడిగారు. ఆయన "కుడిది" అన్నారు. ఆమె కుడివైపు నిలబడి, ఆయన వీపు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా బయటికి నడిపించుకుని వెళ్ళారు.

(సంతకం) ఇన్‌స్పెక్టర్ ఎల్ఫ్రీడె వెగ్‌షైడర్