దాలమ్మ తరవాణి కుండ పులిసిన ఊరు

దాలమ్మకి ఆరో నెల. ఆరో నెల కడుపుతోటి, చంకలో కుండ పెట్టుకుని ఓడెక్కినాదంట. కుండంటే నీళ్లకుండ అనుకునేరు, కాదు, తరవాణి కుండ. ఇక్కడ కూచున్న పెద్దోళ్లకి చెప్పక్కర్లేదు గానీ ఈ హైమకి చెప్పాలి, ఫ్రిజ్జు పక్కన పుట్టిన పిల్ల. ఓలే హైమా, ఆ ఫోను పక్కనెట్టి విను. నువ్వు కెనడా వెళ్తావంట, ఏ ఊళ్లో ఉండాలో తేలడం లేదంట, మూణ్ణెల్లై ఒక ఊరి చలీ ఇంకో ఊరి అద్దే పక్కపక్కన పెట్టి చూస్తన్నావంట, మీ అమ్మ చెప్పినాది. నీకోసమే చెప్తన్నాను, మిగతావాళ్లంతా నా నోట ఇరవైసార్లు విన్నదే. తరవాణి అంటే ఏటంటే, అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు, ఇంత మెతుకు, రోజూ ఒక కుండలో పోస్తా ఉంటే అది పులుస్తాది. ఆ పులుపు నీళ్లు చద్దన్నంలో పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని పొలానికి పోతే మిట్టమధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉంటాది. ఆ కుండని ఎప్పుడూ ఖాళీ చెయ్యరు. అడుగున కొంచెం ఉంచి దానిమీదే కొత్తది పోస్తారు. అలాగ ఏళ్లకేళ్లు. ఇల్లు కాలినా ముందు పిల్లల్ని, తర్వాత ఆ కుండని బయటికి తెచ్చుకునే రోజులనుకో.

ఏమైందంటే, ఆ ఏడు వంశధారకి వరదొచ్చి దాలమ్మ మొగుడు గున్నయ్య పొలం మీద నడుంలోతు ఇసక మేటేసినాది. ఇసకలో ఏటి పండుద్ది? అప్పట్లో మనోళ్లకి ఇక్కడ దారి మూసుకుపోతే రంగమే. రంగమంటే రంగూను, బర్మా దేశం. ఆ దేశం వెళ్దామన్నాడు గున్నయ్య, సరేనన్నాది దాలమ్మ. కానీ బర్మా అంటే ఒక్క ఊరా? రంగం ఉంది, మౌల్మీను ఉంది, బసీను ఉంది, ఒక్కొక్కడు ఒక్కో ఊరు మంచిదంటాడు. మౌల్మీన్లో కర్ర కోసే మిల్లులున్నాయి అని ఒకడు, బసీన్లో బియ్యం మిల్లులు అని ఒకడు. అప్పుడు దాలమ్మ అప్ప, కన్నమ్మని ఒకావిడ, కళింగపట్నం రేవుకి వచ్చి, తన ఇంటి తరవాణి సగం చెల్లెలి కుండలో వంచి, ఏమన్నాదంటే, చెల్లీ, నాకు ఆ ఊళ్ల పేర్లు తెలీవు, నోరు తిరగదు. ఇది ఏ ఊళ్లో మూడ్రోజుల్లో పులుస్తాదో ఆ ఊళ్లో కాపురం పెట్టండి. పులవని ఊళ్లో మాత్రం బిడ్డని కనకే. తరవాణికి పడని నీళ్లు బాలింతకేం పడతాయి? అన్నాది. ఎందుకన్నాదంటే, దాలమ్మకి అంతకుముందు ఇద్దరు పుట్టి, పురిటి స్నానం కాకుండానే పోయారు. ఇది మూడోది. అందుకని అప్ప మాట దాలమ్మకి చెవిలో కాదు, కడుపులో పడ్డాదనుకో.

ఓడలో వారం రోజులు. ఉప్పుగాలి, వాంతులు, కింద అరలో మనుషుల మీద మనుషులు. దాలమ్మ కుండకి తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని కూచున్నాదంట. రంగంలో దిగారు. ఊరు చూసి గున్నయ్యకి కళ్లు తిరిగినాయి. రేవు పని దొరికింది, లైనిళ్లల్లో ఒక గది దొరికింది, అటూ ఇటూ అందరూ మన తెలుగోళ్లే. దాలమ్మ పొయ్యి పెట్టి, అన్నం వార్చి, గంజి చల్లార్చి కుండలో పోసినాది. ఒక రోజు చూసినాది, రెండ్రోజులు చూసినాది, మూడో పొద్దు మూత తీసినాది. పులుపు వాసన లేదు. జిగురు జిగురుగా, చచ్చిన వాసన. దాలమ్మ ఆ మూత అలాగే మూసీసి, మావా, ఈ ఊరు మనకి పడదు అన్నాది. గున్నయ్య అన్నాడంట, ఓలమ్మ దాలీ, ఇంకా మూటలు విప్పలేదే, అప్పుడే పడదా? పడదు మావా, మూటలు విప్పకపోడమే మంచిదయింది, లే.

ఇప్పుడు మీరంటారు, అటూ ఇటూ మనోళ్లే ఉన్నారు కదా, ప్రతి ఇంట్లోనూ తరవాణి ఉంటాది కదా, ఒక గిన్నెడు అడిగి తెచ్చి పోసుకుంటే ఏం పోయె? అక్కడే ఉంది. మనకో కట్టుబాటు ఉండేది. తరవాణి అడిగినవాళ్లకి లేదనకూడదు, అడగనివాళ్లకి పొయ్యకూడదు. ఎందుకంటే, అడక్కుండా పోస్తే, మీ ఇంట్లో కుండ చచ్చింది, నువ్వు ఇల్లాలివేనా అని మొహం మీద అన్నట్టు. అందుకని ఆ లైనిళ్ల ఆడవాళ్లు ముక్కుకి వాసన తగుల్తున్నా నోరు మూసుకున్నారు, అడుగుద్దిలే అని. ఈవిడేమో అడగదు. దాలమ్మ పుట్టిల్లు వీధి వీధికంతా తరవాణి పోసిన ఇల్లు. గిన్నె చాచడం ఎలాగో చేతికి తెలీదు. వాళ్లు అడగాలని చూస్తారు, ఈవిడ అడగదు, ఊరు మారిపోద్ది.

మౌల్మీను వెళ్లారు. అక్కడ కర్ర మిల్లులో పని, మేస్త్రీ మన పలాస వైపువాడే, మంచోడు, గున్నయ్యని తమ్ముడూ తమ్ముడూ అని పిలిచేవాడంట. వాన ఊరు. ఇంటి ముందర పనసచెట్టు. గున్నయ్యకి ఆ ఊరు మనసుకి పట్టేసినాది. మూడో పొద్దు మళ్లీ మూత తీసినాది దాలమ్మ. మళ్లీ అదే వాసన. అప్పుడు గున్నయ్యకి, ఎప్పుడూ కోపం రానివాడికి, కోపమొచ్చింది. కుండ చెప్పినట్టల్లా నడవడానికి నేను గాడిదనేటే? అన్నాడు. దాలమ్మ ఊరుకుంటాదా? రంగంలో పనుందని మేస్త్రీ చెప్తే నడిచావు, మౌల్మీన్లో ఉందని ఇంకో మేస్త్రీ చెప్తే నడిచావు, అప్పుడు గాడిదవి కావా? మేస్త్రీ నోరు నీ పని గురించి చెప్తాది, ఈ కుండ నోరు నా పురుడు గురించి చెప్తాది. నువ్వు మోసేది బస్తా, దించేస్తే దిగిపోద్ది. నేను మోసేది ఎక్కడ దించాలో నేనడక్కూడదా? అన్నాది. గున్నయ్య పెట్టె సర్దుకున్నాడంట. సర్దుకుంటా, పనసచెట్టు వైపు ఒక్కసారి చూసినాడు. అది దాలమ్మ చూసినాది. చూసి, తల తిప్పేసుకున్నాది.

బసీనుకి నదిలో స్టీమరు. ఏడో నెల పడ్డాది, కాళ్లు నీరెక్కి లావైపోయాయి. స్టీమరు కమ్మి పట్టుకుని దాలమ్మ చెప్పేసినాదంట, మావా, ఇది మూడో ఊరు. ఇక్కడా పులవకపోతే సోమవారం ఓడకి నేను మా అప్ప దగ్గరికి వెళ్లిపోతాను. నువ్వు రావద్దు, అక్కడ నీకు ఇసక తప్ప ఏం లేదు. నువ్వు ఇక్కడ పని చేసుకో. నేను అక్కడ కంటాను. తర్వాతెప్పుడు కలుస్తామో కలుస్తాం. గున్నయ్య నీళ్లకేసి చూస్తా, సరే, అన్నాడంట. సరే అన్నవాడి చెయ్యి మటుకు ఆవిడ కొంగు పట్టుకునే ఉంది, స్టీమరు దిగేదాకా వదల్లేదు.

బసీన్లో వీళ్లకి దొరికిన ఇంటి చుట్టుపట్ల మనోళ్లు లేరు. పక్క దడి అవతల మాతిన్ అని ఒక బర్మా ఆవిడ. ఒంటి మనిషి, నలభై దాటి ఉంటాది, నోట్లో ఎప్పుడూ చుట్ట. ఆవిడ పనేటంటే, బియ్యం రోజుల తరబడి నానబెట్టి, పులవబెట్టి, రుబ్బి, మన జంతికల గొట్టంలాంటి దాంట్లో పెట్టి మరిగే నీళ్లల్లోకి నొక్కుద్ది. తెల్లగా సేమియాలాగ వస్తాది. దాన్ని చేపల పులుసుతో కలిపి పొద్దున్నే వీధిలో అమ్ముకుంటాది. మన మాట ఆవిడకి రాదు, ఆవిడ మాట మనకి రాదు. దాలమ్మ కుండ పెట్టిన రెండోరోజు మధ్యాహ్నం, గున్నయ్య మిల్లుకి పోయాడు, ఈ మాతిన్ దడి దగ్గిర నిలబడి ముక్కు ఎగబీల్చినాదంట. ఎగబీల్చి, దడి తోసుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చీసి, మూత తీసి, వాసన చూసి, ఏదో అని, కుండ రెండు చేతుల్తో ఎత్తి పెరట్లోకి తీసుకుపోయి బోర్లించేసినాది!

ఓలమ్మో! దాలమ్మ అరుపుకి కాకులు లేచాయంట. నీ చేతులు పడిపోను, అది మా అప్ప ఇచ్చినాదే, సముద్రం దాటించి తెచ్చుకున్నానే, నిన్నెవర్తె పిలిచిందే అని ఏడుస్తా తిడుతున్నాది. మాతిన్ చుట్ట తియ్యకుండానే బదులు చెప్తంది బర్మాలో. ఈవిడ తెలుగులో తిడుతుంటే ఆవిడ బర్మాలో తిడుతుంది, లేకపోతే ఊరుకోబెడుతుంది, ఎవరికి తెలుసు? కుండ కడిగి, పొగ పట్టించి, ఎండలో బోర్లించి, ఆరాక తెచ్చి మళ్లీ పొయ్యి పక్కన పెట్టినాది. తన ఇంటికి పోయి, బియ్యం పులిసిన నీళ్లు పెద్ద గరిటెడు తెచ్చి అందులో పోసినాది. దాలమ్మ వార్చిన గంజి కూడా తనే వంచినాది. ఆకు మూతేసినాది. వేసి, కుండ చూపించి, దాలమ్మ కడుపు చూపించి, ఏదో ఒక్క మాట మెత్తగా అని వెళ్లిపోయింది. అడక్కుండా పోసేసినాది, చూడండి. కట్టుబాటు తెలిసిన మనోళ్లు ముగ్గురు నలుగురు చెయ్యలేని పని, తెలియని మనిషి చేసేసింది.

సాయంత్రం గున్నయ్య వచ్చేసరికి దాలమ్మ మూటలు కట్టేసి గుమ్మంలో కూచునుంది. కథంతా విని, సోమవారం ఎలాగూ ఇంకా మూడ్రోజులుంది కదే, మీ అప్ప చెప్పిన లెక్కే మూడ్రోజులు, ఆగు, అన్నాడు. ఆగినాది. మూడో పొద్దు దాలమ్మ మూత తియ్యనన్నాది, గున్నయ్యే తీశాడు. తియ్యగానే గదంతా పులుపు వాసన, మనింటి వాసన! పైన సన్నగా నురగ. గున్నయ్య దోసిట్లో ముంచుకుని తాగి, దాలీ, పులిసిందే, పులిసిందే అని చిన్నపిల్లాడిలాగ గంతేశాడంట. దాలమ్మ కదల్లేదు. పులిసింది నాది కాదు మావా. మా అప్పది పెరట్లో మట్టిలో కలిసిపోయింది. ఇది ఆవిడది. లెక్క ప్రకారం ఈ ఊరూ పడనట్టే, అన్నాది.

గున్నయ్య ఎక్కువ మాట్లాడేవాడు కాదు. గోడకి ఆనుకుని కూచుని అడిగాడంట, దాలీ, మీ అప్పకి ఆ తరవాణి ఎక్కడిది? దాలమ్మ అన్నాది, ఎక్కడిదేటి, వాళ్ల ఇంటిది. ఇంటిదంటే? ఆవిడ కాపురానికి వెళ్లిన కొత్తలో కుండ జారి పగిలిపోలేదా? ఎదురింటి కుమ్మరి గవరయ్య పెళ్లాం దగ్గరికి మీ అప్ప నిన్నే కదే పంపింది గిన్నిచ్చి? నువ్వే కదా చెప్పావు నాకు, తొమ్మిదేళ్లదాన్ని, చుక్క ఒలక్కుండా తెచ్చాను అని. ఎంత వాదించే మనిషో! రంగంలో వాదించినాది, మౌల్మీన్లో వాదించినాది, అక్కడ మటుకు వంగి కుండలో వాసన చూసినాదంట. మీ అప్ప పోసింది ఓడలోనే చచ్చిపోయుంటాదే, ఉప్పుగాలికి. రంగం ఏం పాపం చేసింది, మౌల్మీను ఏం పాపం చేసింది? చచ్చినదాన్ని ఊరూరా మోశాం. నీకు చెప్తే ఏడుస్తావని నేను చెప్పలేదు, అన్నాడు గున్నయ్య. నీకెప్పుడు తెలుసు మావా? మౌల్మీన్లో తెలుసు. మరి తెలిసీ పెట్టె సర్దావా? సర్దాను. ఇద్దరు పోయిన దానివి, నీకు నమ్మకం కుదిరిన చోట కనాలి గానీ, నాకు పని దొరికిన చోట ఎలా కంటావే?

దాలమ్మ లేచి, కట్టిన మూట విప్పి, అందులోంచి ఒక ఇత్తడి గిన్నె తీసినాది. ఆ కడుపుతోటి దడి దాటి మాతిన్ గుమ్మంలోకి వెళ్లి, రెండు చేతుల్తో ఆ గిన్నె ముందుకి చాచి, అమ్మా, కొంచెం తరవాణి పెట్టమ్మా, అన్నాదంట. మాట అర్థమయిందో లేదో, గిన్నె అర్థమయింది. మొన్నే కదా పోశాను, మళ్లీ ఏటి అన్నట్టు మాతిన్ నవ్వి, గరిటెడు పోసినాది. పోశాక అడిగితే ఏటి, ముందడిగితే ఏటి, కట్టుబాటు తీరిపోయింది. అడగడం రాని చేతులు అడిగాయి. ఆ గుమ్మంలోనే కూచుని ఇద్దరూ ఏడ్చుకున్నారంట, ఆవిడెందుకు ఏడ్చిందో ఆవిడకే తెలియాలి.

ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసింది మాతినే. బతికింది, శుభ్రంగా బతికింది. ఆ పిల్లకి రెండు పేర్లు, మాతిన్ పెట్టింది మనకి నోరు తిరగదు, దాలమ్మ పెట్టింది కన్నమ్మ. పన్నెండేళ్లు బసీన్లో పెరిగి, యుద్ధంలో బాంబులు పడినప్పుడు అమ్మా నాన్నల్తో అడవుల వెంట నడిచి ఇక్కడికొచ్చిన ఆ కన్నమ్మే నాకు అత్తగారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడు నాకు పని చెప్పలేదు, వంట చెప్పలేదు, ఒక ఇత్తడి గిన్నె చేతిలో పెట్టి, ఎదురింటికి వెళ్లి తరవాణి అడిగి తే అన్నాది. ఇంట్లో కుండ నిండా ఉంది చూడండి! ఉందిగా అత్తా అంటే, నీకు అడగడం వచ్చో రాదో చూద్దామని, అన్నాది.

అదే చెప్తన్నానే హైమా. ఏ ఊరు అని నన్నడక్కు, నాకు ఆ ఊళ్ల పేర్లు తెలీవు, నోరు తిరగదు. విమానంలో కుండ ఎక్కనివ్వరంట కదా? ఎక్కనివ్వకపోతే పీడా పోయె, చచ్చినదాన్ని మొయ్యక్కర్లేదు. ఇదిగో, మా అత్త నా చేతిలో పెట్టిన ఆ ఇత్తడి గిన్నె, ఇది పట్టుకెళ్లు. కొంచెం సొట్ట పడింది గానీ గట్టిదే. ఏటే అలా చూస్తావు, ఖాళీదని? ఖాళీదే పట్టుకెళ్లాలి.