మా అన్న కాళ్ల మీద పడింది నేను కాదు, బీపీ

ఆ పట్టీ ఇంకోసారి చుట్టేదెందుకు సామీ? పండుకోబెట్టి చూస్తిరి, నిలబెట్టి చూస్తిరి. ఒక చీటీ రాసిస్తే చాలు. ఈ మనిషికి లేసి నిలబడితే బీపీ పడిపోతాది, అందుకే కాళ్ల మీద పడినాడు, అని. కింద సీలు కొట్టండి. శిరివెళ్లలో ఇంటింటికీ చూపిచ్చుకుంటా.

నేనెవరనుకున్నారు? రెండు బియ్యం మూటలు భుజానేసుకొని, యాడా ఆగకుండా ఎగువ అహోబిలం ఎక్కినోణ్ణి. నల్లమలలో చిరుతను ఉత్త చేత్తో తరిమినోణ్ణి. అట్లాంటోడు, కల్లంలో రెండుసార్లు కండ్లు చీకట్లు కమ్మి కూలబడినందుకు, మంచం దిగేది ఎట్లనో మీ దగ్గర నేర్చుకోవల్సొచ్చె.

ముందు కూర్చోవల్లంట. పిక్కలు ఆడిచ్చి, చెంబెడు నీళ్లు తాగి, ఏదన్నా పట్టుకొని, అప్పుడు లేయల్లంట. మా ఇంటామె ఆదిలక్ష్మమ్మ ఉప్పేసిన మజ్జిగ చేతికిచ్చి, పక్కన నిలబడి ఇరవై లెక్కబెడతాంది. మా ముసలెద్దు నాకంటే ముందు లేస్తాంది సామీ.

ఎవరి కాళ్ల మీదనా? మా అన్న నరసింహులు కాళ్ల మీద. డెబ్బై రెండు కరువులో, అంగడి కాడ పదిమందిలో, "మావాడు తరిమింది చిరుత కాదప్పా, కుక్క" అన్నాడు. ఆ పొద్దు నుంచి పదకొండేండ్లు మాటల్లేవు. ఆయప్ప ఎదురొస్తే నేను లేసి నిలబడిందీ లేదు.

మొన్న ఆళ్లగడ్డలో మా చెల్లెలి కూతురు అరుణకుమారి పెండ్లి. ఆయప్ప పందిట్లోకి వచ్చినాడు. నడుము వంగిపోయి, చేతిలో కర్ర. నేను లేసినా. దబ్బున పడినా. నెత్తి పోయి ఆయప్ప పాదాల మీద. తమ్ముడు తప్పొప్పుకున్నాడని జనమంతా అనుకునిరి. ఆయప్పేమో ఏడ్చుకుంటా లేపి, "నిదానంగా లేయరా నారాయణా" అన్నాడు. నాకెంత నామర్దా? అందుకే చీటీ.

ఏందీ? పండుకున్నా నిలబడినా ఒకటే చూపిస్తాందా? మీ మిషను చెడిపోయిందేమో చూడండి.

అట్ల చూడొద్దు సామీ. సరే. ఆ తలుపు దగ్గరికేయండి.

ఆ పొద్దు ఆయప్ప వాకిట్లో కనపడంగానే, జంఖానా మీద మడిచిన కాళ్లు చాపినా. పిక్కలు ఆడిచ్చినా. నీళ్లు తాగినా. పందిరి గుంజ పట్టుకొని, ఇరవై లెక్కబెట్టి లేసినా. మీరు చెప్పింది చెప్పినట్ల.

కండ్లు తిరగలేదు.

అయినా చీటీ రాయండి.

వినపడతాందా? బయట బెంచీ మీద ఆయప్ప, నాకని తెచ్చిన మజ్జిగ చెంబు ఒళ్లో పెట్టుకొని, మీ రోగులందరికీ చెప్తాండాడు, మా నారాయణ చిరుతను తరిమినాడని. రెండు చిరుతలంట.

కుక్కే సామీ అది.