వెంకట్రాజుగారి కంబోడియా

భీమడోలు స్టేషన్‌కి అవతల, పట్టాలకి ఇంచుమించు ఆనుకున్నట్టుండే వీధిలో వెంకట్రాజుగారి ఇల్లు. ఆ ఇంటి వరండాలో కూచుని ఎవరు ఏం చెబుతున్నా రైలొస్తే ఆపాల్సిందే. రైలు వెళ్ళిపోయాక మిగతావాళ్ళు ఆపినచోటు నుంచే అందుకుంటారు. వెంకట్రాజుగారు మాత్రం అంతకన్నా చాలా పైనుంచి అందుకుంటారు. ప్యాసింజరు వెళితే కథ కొంచెం పెరుగుతుంది. గూడ్సు వెళితే ఇంక చెప్పక్కర్లేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఏలూరు నుంచి అమీరూ, ఆయన భార్య మహబూబ్ బీ వచ్చారు. అమీర్, వెంకట్రాజు కాలేజీలో ఒకే బెంచీ మీద కూచున్నవాళ్ళు. తివాచీల వ్యాపారం కొడుక్కి అప్పగించేసి అమీర్ ఇప్పుడు తీరుబడిగా ఉంటున్నాడు. ఎరువుల కొట్టు బుచ్చిబాబు పక్కింటివాడు, తన కుర్చీ తనే తెచ్చుకుని కూచున్నాడు. గుమ్మం పక్కన పీట మీద శేషారత్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

కంబోడియా సంగతి భర్త నోట వినడం ఆవిడకి ఎన్నోసారో లెక్కలేదు. విసుగు మాత్రం పుట్టలేదు, ఎందుకంటే ఏ రెండుసార్లూ ఒకేలా లేదు. తప్పు దిద్దాలని కూడా ఆవిడకి అనిపించలేదు. గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఏడాదిపాటు ఆ మనిషి నోరు విప్పలేదు. "అన్నం తింటారా" అంటే "ఊఁ", "టీవీ పెట్టనా" అంటే "వద్దు". వరండాలో కుర్చీలు దుమ్ము కొట్టుకుపోయాయి. చూసీ చూసీ, తణుకులో ఉన్న కూతురు పద్మప్రియే పట్టుబట్టి కిందటి కార్తీకమాసంలో ఇద్దర్నీ విమానం ఎక్కించింది. వెళ్ళిన మనిషి ఒకరు, తిరిగొచ్చిన మనిషి ఇంకొకరు. కోతలు కోసుకోనీ, పోయిందేముంది అనుకుంది శేషారత్నం.

"అంత పెద్ద విషయమేం కాదండీ," అన్నారు వెంకట్రాజు. పెద్ద కోతకి ముందు ఆయన ఎప్పుడూ అలాగే అంటారు. "సియెం రీప్ అని ఊరు. విమానం దిగి హోటల్‌కి చేరేసరికి రత్నానికి తలనొప్పి. దీనికి టీ పడితేగాని తగ్గదా, వాళ్ళేమో కప్పులో వేడినీళ్ళు పోసి దారం కట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టారు. ఇదేం టీ అండీ? నేను తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. భాష రాదు. అల్లం చూపించాను, పంచదార చూపించాను, డబ్బాపాలు చూపించాను, పొయ్యి మీద పెట్టి బాగా మరగనిచ్చాను. అంతే. తాగింది, తలనొప్పి పోయింది."

ఇంతవరకూ అక్షరం పొల్లుపోలేదు. శేషారత్నం తలూపింది కూడా. అప్పుడే విజయవాడ ప్యాసింజరు వచ్చింది. అందరూ ఊరుకున్నారు. ఆయన కళ్ళలో మెరుపు చూసి, అయింది అనుకుంది ఆవిడ.

"ఆ వంటావిడ ఒక్క గుక్క తాగిందండీ," రైలు చప్పుడు పూర్తిగా పోకుండానే మొదలెట్టారు. "తాగి, అలా కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. మేనేజర్ని పిలిచింది. మేనేజరు తాగి ఓనర్ని పిలిచాడు. సాయంత్రానికి హోటల్ ముందు జనం! పక్క హోటల్ వాళ్ళు వచ్చి, అయ్యా మా దగ్గరకి వచ్చెయ్యండి, మీ దంపతులకి మేడ మీద గది ఇస్తాం అని ఒకటే బతిమాలడం. ఇప్పటికీ ఆ ఊళ్ళో టీ అడిగితే, రాజు టీయా, మామూలు టీయా అంటారు."

"అల్లం ఎక్కువేసుంటావురా. జనం నిలబడింది హోటల్ ముందు అయ్యుండదు, బాత్రూముల ముందు అయ్యుంటుంది," అన్నాడు అమీర్.

మహబూబ్ బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకట్రాజుగారికి అదేం పట్టలేదు.

"ఇది కాదురా, మర్నాడు జరిగింది విను. తెల్లారకముందే అంకోర్‌వాట్ గుడికి తీసుకెళ్ళారు. గుడా అది! మన ద్వారకాతిరుమల కొండ మొత్తం పట్టుకెళ్ళి లోపల పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. గోడ పొడుగునా క్షీరసాగర మథనం చెక్కారు. ఇటు దేవతలు, అటు రాక్షసులు, మధ్యలో వాసుకి. గైడు కుర్రాడు ఏదో పొడిపొడిగా చెప్పేసి వెళ్ళిపోతున్నాడు. ఆగవయ్యా అన్నాను. హాలాహలం సంగతి చెప్పవేం, మోహిని సంగతి చెప్పవేం అన్నాను. నేను అందుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గైడుకి ఉద్యోగం పోయింది," అన్నాడు బుచ్చిబాబు.

"పోలేదండీ, తనే మానేశాడు! టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. జపాన్ వాళ్ళు, ఫ్రాన్సు వాళ్ళు, పోలీసులు, అందరూ చుట్టూ చేరిపోయారు. నేను చెబుతోంది తెలుగులో. అయినా ఒక్కడు కదలడే! అమృతం పంచే ఘట్టానికి వచ్చేసరికి వెనకవాళ్ళకి వినపడట్లేదని మైకు తెచ్చిచ్చారు."

శేషారత్నం చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ పొద్దున ఆ రాతి వసారాలో ఆయన నాలుగడుగులు వేసి గోడకి చేరబడి కూచుండిపోయారు. చెయ్యి గుండె మీదకి వెళ్ళింది. ఆవిడ ప్రాణాలు పోయినంత పనైంది. అన్నీ వదిలేసి గదికి వెళ్ళిపోదామందామనుకుంటుండగా ఆయన తలెత్తి ఆ చెక్కడం చూశారు. వేలెత్తారు. "వాసుకి," అన్నారు. గైడు కుర్రాడు వంగి, "ఎస్ సర్?" అన్నాడు. ఇంక మొదలెట్టారు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. విన్నది గైడూ, దారిన పోతూ ఆగిన ఇద్దరు ఆడపిల్లలూ, అంతే. ఏడాదిగా ఇంట్లో వినపడని గొంతు అంత దూరదేశంలో రాతిగోడల మధ్య ఖంగున మోగుతుంటే, కళ్ళు తుడుచుకోవడం ఎవరికీ కనపడకూడదని శేషారత్నం రాక్షసుల వైపు తిరిగి నిలబడింది. మైకు పెట్టుకుంటే పెట్టుకోనీ.

"మూడోరోజు చెరువుకి," వెంకట్రాజుగారు కుర్చీలో ముందుకి జరిగారు. "టోన్లే సాప్ అంటారు. ఒడ్డు కనపడదు. వానాకాలంలో అక్కడి ఏరు వెనక్కి తిరిగి చెరువులోకి పారుతుంది."

"ఏరు వెనక్కి పారడమేంటండీ! మరీనూ!" బుచ్చిబాబు తొడ చరుచుకుని నవ్వాడు. అమీర్ కూడా నవ్వాడు.

"నిజమే బుచ్చిబాబూ, అది మాత్రం నిజం," అంది శేషారత్నం.

ఆ టీ మరిగిన దగ్గర్నుంచీ చెప్పినవాటిలో నమ్మాల్సిన మాట అదొక్కటే. దాన్నొక్కదాన్నే ఎవరూ నమ్మలేదు.

"చిన్న పడవండీ. మేమిద్దరం, పడవ నడిపే పిల్ల. నీళ్ళలో మునిగిన చెట్ల మధ్యనుంచి తీసుకెళ్ళింది. అవతలకి వచ్చేసరికి గాలి లేచింది. పడవ పోయి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. ఆ పిల్ల బెదిరిపోయింది, తెడ్డు వేస్తుంటే ఆకుల్లో చుట్టుకుపోతోంది. రత్నం నా చెయ్యి పట్టుకుని వణికిపోతోంది. నేను చూశాను. పడవలో వెదురు గడ ఉంది. లేచాను."

అంతలో గూడ్సు వచ్చింది. బొగ్గు వ్యాగన్లు ఎంతకీ తరగవు. మాటలు లేకుండా వెంకట్రాజుగారి చేతులు మాత్రం గాలిలో గడ వేస్తూనే ఉన్నాయి. శేషారత్నం ఆ చేతుల్నే చూస్తోంది. తప్పు వేస్తున్నారు. గడ అలా నిలువునా గుచ్చితే దిగబడిపోతుంది, మనిషి గడకి వేలాడతాడు, పడవ దారిన పడవ పోతుంది. ఇంతకుముందు చెప్పినప్పుడల్లా గడ దగ్గరకి వచ్చేసరికి ఆవిడ ఏదో పని మీద లోపలికి వెళ్ళిపోయేది. ఇవాళ చుట్టాలు ముందున్నారు, లేవలేదు.

"తుఫాను!" గూడ్సు పోగానే అరిచారాయన. "తాటిచెట్టంత కెరటాలు! మా వెనకాల ఇంకా పదకొండు పడవలు, నిండా జనం, అందరూ ఒకటే ఏడుపు. తాళ్ళు విసరమన్నాను. అన్నిటినీ ఒకదాని వెనక ఒకటి కట్టించాను, ఇప్పుడు వెళ్ళిన గూడ్సు లాగ. ముందు నేను ఇంజనులా నిలబడి గడ వేశాను చూడండీ, అడ్డొచ్చిన మొసలి గడ దెబ్బకి మూడు పల్టీలు కొట్టి వెళ్ళి చెట్టెక్కింది! ఒడ్డుకి చేరేసరికి ఊరు ఊరంతా నిలబడుంది, పూలదండలు పట్టుకుని!"

"ఆగరా," అన్నాడు అమీర్. నవ్వట్లేదు. "మొసలి చెట్టెక్కడం నమ్ముతాను. పూలదండలూ నమ్ముతాను. గడ నువ్వేశావా?"

"నేను కాక!"

"ఒరే రాజూ, చదువుకునే రోజుల్లో కొల్లేటికోట జాతరకి వెళ్ళాం, గుర్తుందా? పడవెక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా కళ్ళు తెరిచావుట్రా నువ్వు? నా చొక్కా పట్టుకున్నవాడివి గుండీలు ఊడొచ్చేసినా వదల్లేదు. అవతల గట్టు మీదకి నిన్ను ఎత్తి దింపాం. నువ్వు పడవలో లేచి నిలబడ్డావా!"

బుచ్చిబాబు పకపకా నవ్వాడు. గాలిలో ఉన్న వెంకట్రాజుగారి చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. శేషారత్నం ఆ మొహం చూసింది. అన్నం తింటారా అంటే ఊఁ అన్న మొహం.

"మరి పడవ ఒడ్డుకి ఎలా వచ్చింది వదినా?" అంది మహబూబ్ బీ.

ఆయనే వేశారు అనేద్దామనుకుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పడవ సంగతి ఆవిడనెవరూ ఇప్పటిదాకా అడగలేదు. అడిగేసరికి ఆ నీళ్ళన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చేశాయి.

"నేనేశాను వదినా," అంది. "తుఫానేం కాదు, మామూలు గాలే. ఆ పిల్ల పనికి కొత్తలా ఉంది, పాపం ఏడ్చేస్తోంది. గుర్రపుడెక్కలో తెడ్డు పనిచెయ్యదు. గడ వాలుగా దింపి, మెల్లగా నొక్కి, పడవ కదిలాక తిప్పుతూ లాక్కోవాలి. మాది లంక ఊరు కదా. మా నాన్న తాటిదోనెలో నేనే బడికి వెళ్ళేదాన్ని, ఇద్దరు చెల్లెళ్ళనీ ఎక్కించుకుని. పెళ్ళయ్యాక మళ్ళీ గడ ముట్టుకోలేదు. వస్తుందో రాదో అనుకున్నాను. చేతులు మర్చిపోలేదు వదినా."

ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టేసింది.

"అక్కడ ఇళ్ళన్నీ నీళ్ళమీదే. మెట్టు మీద కూచుని ఒకావిడ బియ్యం కడుగుతోంది. బడిపిల్లలు పడవలో వెళుతున్నారు, తెల్లచొక్కాలు వేసుకుని. చేపలు ఎండేసిన వాసన, బురద వాసన. మా ఊరికి ఇప్పుడు తారురోడ్డు పడింది, కారు గుమ్మం దాకా వెళుతుంది. మంచిదే. చుట్టూ చేపల చెరువులు, గట్లు. దోనె ఒక్కటి లేదు. ఊరు చూస్తే నేను పుట్టిన ఊరని గుర్తుపట్టలేను. అక్కడ, భాష తెలియని చోట, గుర్తుపట్టేశాను. పుట్టింటికి వెళ్ళొచ్చినట్టయింది."

మహబూబ్ బీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం వదినా?" అంది.

"ఈయన చెబుతున్నారుగా," అంది శేషారత్నం. అనేశాక, భర్త వైపు చూడడానికి భయమేసింది.

వెంకట్రాజుగారు గొంతు సవరించుకున్నారు. చిన్నగొంతుతో, "మరి నేనేం చేశానో కూడా చెప్పు," అన్నారు.

"మీరా?" ఆవిడ ఆలోచించింది. అబద్ధం చెప్పాల్సిన పని లేకపోయింది. "గడ వెయ్యాలంటే కాళ్ళకి ఏమీ ఉండకూడదు కదండీ. నా చెప్పులు విప్పి మీకిచ్చాను. ఒడ్డుకి వచ్చేదాకా మీరు పట్టుకున్నారు."

"కళ్ళు మూసుకునేనా?" అన్నాడు అమీర్.

"తెరిచేరా!" అన్నారు వెంకట్రాజు. "దీన్ని చూస్తూ కూచున్నాను. లంగా ఓణీ వేసుకున్న పిల్లలా నిలబడింది. ఎలా మూస్తాను కళ్ళు?"

శేషారత్నం తల వంచుకుంది. ఈ మాట ఇంతకుముందు చెప్పిన ఏ కథలోనూ లేదు. బుచ్చిబాబు కూడా నవ్వు ఆపేశాడు.

ఆ తర్వాత వెంకట్రాజుగారు వీపు నిటారుగా పెట్టారు, చొక్కా చేతులు పైకి మడిచారు, కుర్చీ అమీర్ దగ్గరకి లాక్కున్నారు.

"అయినా, చెప్పులు పట్టుకోవడం అంటే తేలిగ్గా ఉందేంట్రా నీకు? చెప్తాను విను. అంత పెద్ద విషయమేం కాదనుకో..."