ఏప్రిల్ మంచు

ఫిన్లాండ్‌లో, గడ్డకట్టి ఇప్పుడిప్పుడే కరుగుతున్న ఒక సరస్సు ఒడ్డు. మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టాలని, మంచు తొలిచే బర్మా భుజాన వేసుకుని బయల్దేరిన తండ్రికి కూతురు అడ్డం నిలబడింది.

"నలభై ఏళ్లుగా ఏప్రిల్లో ఈ మంచు మీద నడుస్తున్నానే. నాకేమైనా అయిందా?"

"అది ఆ ఏళ్ల మంచు నాన్నా. ఇది ఈ ఏటిది."

"పట్నంలో కుర్చీకి అతుక్కుపోయేదానివి, మంచు సంగతి నీకేం తెలుసు?"

"తెలీదనే అనుకో. నాకు తెలీకపోతే మంచు గట్టిపడిపోతుందా?"

"అయితే ఇంట్లో కూర్చుని గోడలు చూస్తూ చావమంటావు, అంతేగా?"

"ఆ మూల ఒడ్డున మంచు కరిగిందిగా, అక్కడ గాలం వేసుకోమంటున్నాను."

"ఊళ్లో ఎవర్నైనా అడుగు. ఏప్రిల్లో మంచు మీద నడిచినవాళ్లు ఒక్కరైనా భయమని చెబుతారేమో చూడు!"

"టౌనో మామయ్యని అడగనా?"

"వాణ్ణెలా అడుగుతావే? పోయినేడు మంచు విరిగి మునిగిపోయాడుగా."

"అందుకే నాన్నా, భయమని చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకరు."

తండ్రి భుజం మీది బర్మా దించాడు.

"నా గాలం కర్ర ఎక్కడ పెట్టావే?"