కాళ్ళు బురద వస్తాదువి

ఒహాయోలో ఓ ఆదివారం మధ్యాహ్నం. కామిక్ పుస్తకాల వీరుల బొమ్మలు కొని, వాటిని విరిచి, ముక్కలు కలిపి కొత్త బొమ్మలు కట్టే మహానుభావుడు మెర్ల్ టాకెట్, తన ఇంటి కిందిగదిలో, సాటి బొమ్మల క్లబ్బు మనిషి రోవీనా చేతిలో నాలుగంగుళాల బొమ్మొకటి పెట్టి, పెళ్ళి చేసుకుందామన్నాడు. బొమ్మ అచ్చం రోవీనా పోలికతో చేసిందే. ఆమె అవుననలేదు, కాదనలేదు. తిరగేసి చూసింది.

"కాళ్ళెవరివి?"

"నీవే."

"మెర్ల్. కాళ్ళెవరివి?"

"పెళ్ళి సంగతి అడిగితే కాళ్ళ సంగతేంటి రోవీనా? ముందు నే కాల్చిన ఆ చెర్రీ పై ముక్క తిను, చల్లారిపోతోంది."

"క్లబ్బు కట్టుబాటు నీకు నేను చెప్పాలా? బొమ్మ చేతికి తీసుకుని ఎవరడిగినా, ఏ ముక్క దేన్నుంచి తీశావో చెప్పి తీరాలి. మోకాళ్ళు ఎక్కడివో చెప్పలేదని పాపం ఆ క్లిఫర్డ్‌ని గెంటించింది నువ్వే కదా?"

"వాడు చెప్పకపోవడం కాదు, అబద్ధమాడాడు."

"సరే, నువ్వాడకు. కాళ్ళు?"

"బురద వస్తాదువి."

"ఎవరివీ?"

"తొడలు మాత్రమే. పిక్కలు వేరే."

"బురద వస్తాదంటే ఆ పచ్చటి లావుపాటోడేనా? మొసలిని చంకలో పెట్టుకుని తిరుగుతాడు, వాడేనా?"

"అరగదీశాను రోవీనా. ఉప్పు కాగితం పెట్టి, పట్టి పట్టి అరగదీశాను."

"అరగదీశాక కూడా నాకు ఇంత లావు మిగిలాయా?"

"అంటే... పోలిక రావాలి కదా."

"ఏంటీ?"

"కాఫీ పోయనా?"

"చేతులు?"

"ఎడమది నర్సుది. చాలా మంచి నర్సు. పాపం, మూడో సంచికలోనే చచ్చిపోతుంది."

"కుడిది?"

"డాక్టర్ దవడది."

"జనం పళ్ళు పీకి కోట కట్టుకుంటాడే, ఆ దుర్మార్గుడిదా?"

"వాడి చెయ్యొక్కటే కప్పు పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. నువ్వెప్పుడూ కాఫీ కప్పుతోనే ఉంటావుగా. వాడి పట్టకారు తీసేసి కప్పు పెట్టాను. అదిగో, చెయ్యి పైకెత్తకు, మోచేతి దగ్గర రంగు రాలిపోతుంది."

"అంటే పెళ్ళయ్యాక నేను చెయ్యెత్తకూడదు."

"బొమ్మ, రోవీనా. నేను చెప్పేది బొమ్మ సంగతి."

"నడుము?"

"అడక్కు."

"మెర్ల్."

"గుర్రం."

"గుర్రమా?"

"గుర్రం మెడ. వంపు ఎంత బాగా కుదిరిందో చూడు. దేవుడి తోడు, అన్నీ పెట్టి చూశాకే అది పెట్టాను."

"బొమ్మలాడుకునే మగాణ్ణి నమ్మకే అని మా అమ్మ చెప్తూనే ఉంది. ఈ వయసులో గుర్రం మెడతో, పళ్ళు పీకేవాడి చేత్తో పెళ్ళికూతుర్నవుతానని ఎవరనుకున్నారు? సరే. తల?"

"కళ్ళకి వేసిన రంగు చూశావా? ఒంటి వెంట్రుక కుంచెతో, ఊపిరి బిగబట్టి..."

"తల ఎవరిది?"

"చెర్రీ పై నిజంగానే చల్లారింది."

"చెప్పకపోతే ఇప్పుడే వెళ్ళిపోతా."

"చెప్తే ఇంకా తొందరగా వెళ్ళిపోతావు."

"మీ అమ్మదా? ఆవిడ బొమ్మ కూడా చేశావుగా. ఆ తలకే రంగు మార్చావా?"

"ఛ ఛ. అమ్మ తల అమ్మకే ఉంది."

"నీ మొదటి భార్యదా?"

"విడాకులప్పుడు ఆవిడ తల ఆవిడే పట్టుకుపోయింది."

"మరి?"

"గుడ్లగూబ దొరసానిది."

"ఆ బొమ్మ నీ దగ్గర ఒక్కటే ఉంది కదా. ఆ అద్దాల బీరువాలో, అట్ట మీద, ప్లాస్టిక్ డొప్పలో, కొన్నది కొన్నట్టు. ఈ రాష్ట్రం మొత్తానికి సీలు విప్పని దొరసాని అదొక్కటే."

"ఉండేది."

"మెర్ల్."

"చిన్నప్పుడు కొన్నాను. అప్పట్నుంచీ డొప్ప మీద వేలైనా ఆననివ్వలేదు ఎవర్నీ. నీ బొమ్మకి ఎన్ని తలలు పెట్టి చూశానో. ఏదీ కుదర్లేదు. ఆ ముఖం ఒక్కటే నీలా ఉంటుంది. ముక్కు దగ్గర. మొన్న బ్లేడు పెట్టి కోశాను. కోస్తూ ఏడ్చాననుకో, అది వేరే సంగతి. వేణ్ణీళ్ళలో వేస్తే మెడ మెత్తబడి తల టక్కున ఊడొచ్చింది."

"తెరిచేశావా. నిజంగా తెరిచేశావా."

"నీ కోసమే."

"అయ్యో, ఎంత పని చేశావయ్యా. ఆ డొప్పన్నా ఉందా?"

"చెత్తబండి పట్టుకుపోయింది. నువ్వింత బాధపడతావనుకోలేదు."

"నిజం చెప్పి తీరాలన్న కట్టుబాటు నాకూ ఉంది కదా. చెప్పేస్తాను, విను. ప్రతి ఆదివారం ఈ ఇంటికి నేను నీ కోసం రాలేదు మెర్ల్. దాని కోసం వచ్చాను. నిన్ను మంచి చేసుకుని, ఏదో ఒకరోజు అడిగి పట్టుకుపోదామని. నీ చెర్రీ పై అంటే నాకు అసహ్యం."

"ఇప్పుడది లేదుగా. మరింక రావా?"

"అదే తెలీట్లేదు. వచ్చిన పని చెడింది. వెళ్ళిపోదామని కోటు కూడా ఒళ్ళోకి తీసుకున్నా. అయినా లేవబుద్ధి కావట్లేదు."